ముగ్గురికీ ఒకే మాత్ర: కళ్ళు తిరగడం, చెవిలో హోరు, వినికిడి తగ్గడం - ఏది దేనివల్ల?

పర్లాకిమిడి మాస్టారు:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ముగ్గురం కళ్ళు తిరుగుతున్నాయనే చెప్పుకుంటున్నాం. మా అమ్మకు 76 ఏళ్ళు, నాకు 57, ధాన్యం మిల్లులో పనిచేసే మా బావమరిదికి 44. గత రెండేళ్ళలో ముగ్గురం వేర్వేరు చోట్ల చూపించుకున్నాం. మొన్న ఇల్లు దులిపేటప్పుడు మందుల డబ్బాలన్నీ ఒకే బల్ల మీద పెట్టిన మా ఆవిడ, మూడు డబ్బాల్లోనూ సినరిజిన్ (కళ్ళు తిరగడానికి రాసే మాత్ర) అట్టలే ఉన్నాయని గమనించింది. చీటీలు తీసి చూస్తే ముగ్గురివీ 'మెడ ఎముక అరుగుదల' అనే అంటున్నాయి. అమ్మకూ నాకూ మెడ పట్టీ అదనం.

ఎవరికి ఎలా ఉంటుందో విడివిడిగా రాస్తాను. అమ్మకు తెల్లవారుజామున కుడిపక్కకు ఒత్తిగిలితే మంచం గిర్రున తిరిగినట్టు ఉంటుంది. కళ్ళు మూసుకుని ఇరవై అంకెలు లెక్కపెట్టేలోగా తగ్గిపోతుంది. అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినా అంతే. నాకు అలా కాదు. ముందు ఎడమ చెవిలో నీళ్ళు నిండినట్టు బిగుసుకుంటుంది, తరువాత వంతెన మీద రైలు పోతున్నట్టు హోరు మొదలవుతుంది, ఆ పైన రెండు మూడు గంటలపాటు గది మొత్తం తిరుగుతుంది, వాంతులు అవుతాయి. ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు వచ్చింది. బావమరిదికి అసలు తిరగడమే లేదు. ఒకసారి మండుటెండలో బస్తాలు మోస్తూ తూలిపడబోయాడు, అంతే. అతని బాధ ఏమిటంటే రాత్రి పడుకుంటే రెండు చెవుల్లోనూ ఈల వేసినట్టు సన్నని శబ్దం.

మాట చిక్కు కూడా ఒకటి ఉంది. ఇక్కడి డాక్టర్ల దగ్గర మేము ఒడియాలో 'ముండొ బులౌచ్ఛి' అంటాం, అంటే తల తిరుగుతోందని. (సోంపేట నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో మా ఆవిడ ఆ మాట విని ఎవరో తనను తిడుతున్నారనుకుంది.) మేము ముగ్గురం మా మూడు బాధలనూ ఆ ఒక్క మాటతోనే చెప్పుకున్నాం. తప్పు అక్కడే మొదలైందా అని నా అనుమానం. తెలిసినవారు చెప్పగలరు.

పాతపట్నం పెద్దాయన:

మాస్టారు గారూ, మీ అమ్మగారికి మెడ తిప్పినప్పుడే కదా తిరుగుతోంది? కనుక అది మెడే. నాకు ఎక్స్‌రేలో అరుగుదల స్పష్టంగా కనిపించింది. పట్టీ పెట్టుకున్నాను, తగ్గింది. మీకు మాత్రం గ్యాస్ అని నా అభిప్రాయం, వాంతులు అయ్యాయంటున్నారు కాబట్టి.

వినికిడి గది (బరంపురం):

నేను బరంపురంలో వినికిడి పరీక్షలు చేస్తాను. మందులు రాయడం నా పని కాదు గనుక మందుల జోలికి పోను. మాస్టారు గారి అనుమానం చాలావరకు సరైనదే. మన తెలుగులో మాటలకు కొదవ లేదు: గోడలు గిర్రున తిరగడం, లేవగానే కళ్ళు బైర్లు కమ్మడం, నడుస్తుంటే ఒక పక్కకు తూలడం, ఒళ్ళు గాలిలో తేలిపోతున్నట్టు ఉండడం, ఇవన్నీ వేర్వేరు. కాని ఒకే మనిషి ఒకే బాధను పొద్దున ఒక మాటతో, సాయంత్రం ఇంకొక మాటతో చెప్పడం మేము రోజూ చూస్తాం. అందుకని మాట కంటే కాలాన్ని పట్టుకోవడం మేలు. ఒక్కొక్కసారి ఎంతసేపు ఉంది? సెకన్లా, గంటలా, రోజులా? దేనితో మొదలైంది, లేక ఏ కారణమూ లేకుండా వచ్చిందా? ఆ సమయంలో చెవి ఏం చేస్తోంది? హోరు గాని వినికిడి లోపం గాని ఒక చెవిలోనా, రెండింటిలోనా?

మీరు రాసిన తీరులోనే ముగ్గురూ విడిపోయారు. మీ అమ్మగారిది ఒక నిమిషం లోపు తగ్గిపోయేది, తల కదిపితేనే వచ్చేది, చెవి గొడవ లేనిది. మీ బళ్ళో జీవశాస్త్రం పుస్తకంలో అర్ధవర్తుల కుల్యలు అని లోపలి చెవిలోని మూడు గొట్టాల బొమ్మ ఉంటుంది కదా. వాటి పక్కనున్న సంచిలో జిగురు పొర మీద సన్నని సున్నపు రేణువులు అతుక్కుని ఉంటాయి. వయసు వల్లనో, తలకు దెబ్బ తగిలినందువల్లనో, ఒక్కొక్కసారి ఏ కారణమూ దొరకకుండానో అవి ఊడి గొట్టంలోకి జారతాయి, ఎక్కువగా వెనుక గొట్టంలోకి. పడుకున్న మనిషి తల తిప్పగానే రేణువులు జారి లోపలి ద్రవాన్ని కదుపుతాయి, తల ఆగినా ద్రవం కదులుతూనే ఉంటుంది గనుక లోకం తిరుగుతున్నట్టు మెదడుకు కబురు అందుతుంది. రేణువులు అడుగున కూర్చోగానే తిరగడం ఆగిపోతుంది. వినికిడితో వాటికి సంబంధం లేదు.

పాతపట్నం పెద్దాయన గారికి ఒక మనవి. పక్కకు ఒత్తిగిలినప్పుడు మెడ ఒక్కటే కాదు, తల మొత్తం తిరుగుతుంది. ఏది కారణమో చూడాలంటే మెడను నిటారుగా బిగబట్టి, దుంగ దొర్లినట్టు ఒళ్ళంతా ఒకేసారి పక్కకు దొర్లమనాలి. మెడ వంగకపోయినా తిరిగిందంటే అది మెడ పని కాదు. ఇక ఎక్స్‌రేలో అరుగుదల అంటారా, యాభై దాటిన చాలామందికి, ఏ బాధా లేనివారికి కూడా అది కనిపిస్తుంది. తల నెరిసినట్టే అదీను. మీకు పట్టీతో తగ్గిందన్నారు. రేణువుల బాధ చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది, కనుక ఆ పేరు పట్టీకి దక్కి ఉండవచ్చు.

పాతపట్నం పెద్దాయన:

దుంగలా దొర్లి చూశాను. ఇప్పుడు తిరగడం లేదు కాబట్టి ఏమీ తేలలేదు. కాని మీరు చెప్పిన తర్కం బాగుంది, ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లోవాళ్ళు నవ్వారు.

కోరాపుట్ డాక్టరమ్మ:

చెవి, ముక్కు, గొంతు విభాగంలో పనిచేస్తున్నాను. మాస్టారు గారి విషయానికి వచ్చే ముందు, ఇది చదివే ఇతరుల కోసం రెండు సంగతులు ముందుగా చెప్పాలి, ఎందుకంటే వాటిలో ఆలస్యం చేస్తే పోయినది తిరిగి రాదు.

మొదటిది మెదడు. ఒక్కసారిగా కళ్ళు తిరగడం మొదలై, దానితో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, ముఖం గాని చేయి గాని తిమ్మిరెక్కడం, మింగుడు పడకపోవడం, మునుపెన్నడూ లేనంత తలనొప్పి, పట్టుకోకుండా కూర్చోను కూడా లేకపోవడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చెవి గురించి ఆలోచిస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. మెదడులోని రక్తపు గడ్డను కరిగించే సూది మందు, బాధ మొదలైన నాలుగున్నర గంటలలోపు వేస్తేనే పనికొస్తుంది. బీపీ, షుగర్ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చెవి లోపలికి రక్తం తెచ్చే సన్నని నాళం మూసుకుపోతే కళ్ళు తిరగడమూ చెవి వినపడకపోవడమూ కలిసి రావచ్చు కనుక, 'చెవి కూడా పోయింది కాబట్టి మెదడు కాదు' అనే ధీమా పనికిరాదు.

రెండవది, నొప్పి లేకుండా పొద్దున లేచేసరికి ఒక చెవి మూగబోవడం. ఫోన్ ఆ చెవి దగ్గర పెడితే ఏమీ వినపడదు. జనం దీన్ని గుబిలి అనుకుంటారు, లేదా జలుబు చేసి మూసుకుపోయిందనుకుంటారు. నూనె పోసి, పుల్ల తిప్పి, పదిరోజులు చూస్తారు. అది మూడు రోజులలోపే పెరిగి వచ్చిన వినికిడి నరపు లోపమైతే స్టెరాయిడ్ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఆశ, మొదటి రెండు వారాలే ముఖ్యమైనవి. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నోరు మూసుకుని 'మ్...' అని శబ్దం చేయండి. మూసుకుపోయిన చెవి గుబిలి వల్లనో, మధ్య చెవిలో నీరు వల్లనో అయితే ఆ శబ్దం ఆ చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. నరపు లోపమైతే బాగున్న చెవి వైపుకు పోతుంది. మేము ఆసుపత్రిలో 512 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని నుదుటి మీద ఆనించి చూసేది కూడా ఇదే. ఆ శబ్దం బాగున్న చెవిలో వినిపిస్తే ఆ రోజే బయలుదేరండి, మరునాటికి వాయిదా వేయవద్దు. ఇది సూచన మాత్రమే, తేల్చేది ఆడియోగ్రామ్, అంటే యంత్రంతో చేసే వినికిడి పరీక్ష.

కాశీనగర్ వాసి:

డాక్టరమ్మ గారు చెప్పిన రెండవ సంగతి మా అన్నయ్యకు జరిగింది. దీపావళి మరునాడు కుడి చెవి పోయింది. టపాకాయల చప్పుడనుకున్నాం. ఒక క్లినిక్‌లో మూడు వారాలు చుక్కలు వేశారు, చెవి లోపలికి దీపం వేసి చూసినవారు లేరు. తరువాత పరీక్ష చేయిస్తే గుబిలి అన్నదే లేదు, నరం దెబ్బతిందన్నారు. ఇప్పటికీ ఆ చెవిలో వినికిడి రాలేదు, హోరు మాత్రం ఉంది.

మా నాన్నగారిది మరొక కథ. చిన్నతనంలో నేను చూసినదే గాని దాని పేరు ఇప్పటికీ నాకు తెలియదు. ఆయనకు క్షయ వచ్చినప్పుడు రెండు నెలలకు పైగా రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది వేశారు. క్షయ నయమైంది. కాని ఆ తరువాత ఆయన చీకట్లో నడవలేకపోయేవారు. వెలుతురులో గోడ పట్టుకోకుండా నడిచేవారు, దీపం ఆరితే నిలబడిన చోటే కూర్చునేవారు. సైకిలు మీద వెళుతుంటే అంగడి బోర్డుల మీద అక్షరాలు గంతులు వేస్తున్నాయి, చదవలేకపోతున్నాను అనేవారు. తల తిరుగుతోందని ఒక్కనాడూ అనలేదు. చెవులు బాగానే వినపడేవి. మేమంతా నరాల బలహీనత అనుకున్నాం.

కోరాపుట్ డాక్టరమ్మ:

మీ నాన్నగారికి జరిగింది మీరు వర్ణించినంత స్పష్టంగా పాఠ్యపుస్తకాలలో కూడా ఉండదు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి సూదులు కొందరిలో రెండు చెవుల తూకపు భాగాన్నీ ఒకేసారి దెబ్బతీస్తాయి. ఒక వైపే పోతే రెండు వైపుల మధ్య తేడా వల్ల గిర్రున తిరుగుతుంది. రెండూ సమానంగా పోతే తిరగదు, తూకమే ఉండదు. అప్పుడు మనిషి కళ్ళ మీద, కాళ్ళ స్పర్శ మీద ఆధారపడి నడుస్తాడు కనుక చీకటి పడితే కాళ్ళాడవు. తల కదిలినప్పుడు కళ్ళను నిలబెట్టేది కూడా ఆ భాగమే, అక్షరాలు గంతులు వేసింది అందుకు. అదే కోవకు చెందిన అమికాసిన్, కనామైసిన్‌ల దెబ్బ ఎక్కువగా వినికిడి మీద పడుతుంది. అది పై స్థాయి (కీచుమనే) శబ్దాలతో మొదలవుతుంది గనుక రోగికి చాలాకాలం తెలియదు. ఆ దెబ్బ సాధారణంగా శాశ్వతం. సూది వేస్తున్న రోజుల్లోనే చెవిలో ఈల వినిపిస్తే వెంటనే చెప్పాలి.

జయపురం మందుల కొట్టు:

మా ప్రాంతంలో మలేరియా గురించి చెప్పకుండా చెవి హోరు గురించి మాట్లాడలేం. క్వినైన్ ఎక్కించిన రోగులలో చాలామందికి రెండో మూడో రోజు చెవుల్లో జుమ్మని మొదలవుతుంది, వినికిడి కాస్త మందగిస్తుంది. మందు ఆపిన కొద్ది రోజులకు సాధారణంగా సర్దుకుంటుంది. ఆస్పిరిన్ పెద్ద మోతాదులో వాడినా అంతే. ఎవరైనా చెవి హోరు అంటే నేను ముందు అడిగేది గత నెలలో ఏ మందు వాడారు అని.

మాస్టారు గారికి ఒక హెచ్చరిక. మీ అమ్మగారు ఆ మాత్ర ఎంతకాలంగా వాడుతున్నారు? సినరిజిన్ గాని, వాంతులకూ తల తిరుగుడుకూ ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్ గాని పెద్దవయసువారికి నెలల తరబడి ఇస్తే చేతులు వణకడం, నడక మందగించడం, ముఖంలో కదలిక తగ్గడం రావచ్చు. అవి కొద్ది రోజుల మందులు. మా కొట్టుకు పాత చీటీ పట్టుకుని రెండేళ్ళుగా వచ్చేవారు ఉన్నారు, చెబితే కోపగించుకుంటారు.

పర్లాకిమిడి మాస్టారు:

మీరు అడిగాక లెక్క చూశాను. పద్నాలుగు నెలలు. కాఫీ గ్లాసు పట్టుకునేటప్పుడు అమ్మ చేయి వణకడం దసరా నుంచి చూస్తూనే ఉన్నాం, వయసు అనుకున్నాం. ఈ శనివారమే తీసుకువెళతాను.

గుణుపురం కోడలు:

నేను ఇక్కడ కొత్త. నా వయసు 31. కళ్ళు తిరగవు, కాని వినికిడి తగ్గుతోంది. మొదటి కాన్పు తరువాత కొంచెం, రెండవ కాన్పు తరువాత బాగా. మా అమ్మకూ ఇలాగే చిన్న వయసులో మొదలైంది. ఎవరూ నమ్మని సంగతి ఒకటి ఉంది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో మా అత్తగారి మాట వినపడదు గాని, గడగడలాడే బస్సులో పక్కసీటు ఆవిడ మాటలు చక్కగా వినపడతాయి. అందువల్ల ఇంట్లో నేను కావాలనే వినడం లేదని నింద. ఇలా ఎందుకు జరుగుతుందో ఎవరైనా చెబితే కనీసం వాళ్ళకు చూపిస్తాను.

వినికిడి గది (బరంపురం):

అమ్మా, మీరు రాసినది ఇలాగే మీ అత్తగారికి చూపించండి. మధ్య చెవిలో మూడు చిన్న ఎముకలు ఉంటాయి. చివరిది గుర్రపు జీనుకు వేలాడే అంకవన్నె ఆకారంలో ఉంటుంది. దాని అడుగుభాగం చుట్టూ కొత్త ఎముక పెరిగి అది బిగుసుకుపోతే శబ్దం లోపలికి సరిగా చేరదు. ఆడవాళ్ళలో ఎక్కువ, కుటుంబాలలో వస్తుంది, గర్భం సమయంలో కొందరికి పెరిగినట్టు అనిపిస్తుంది. గోల ఉన్నచోట మాట బాగా వినపడడం ఈ రకం లోపానికి పాత గుర్తు. గోల లేనిచోట ఎదుటివారు మెల్లగా మాట్లాడతారు, గోల ఉన్నచోట తమకు తెలియకుండానే గొంతు పెంచుతారు. మీ చెవిలో నరం బాగుంది గనుక ఆ పెంచిన గొంతు మీకు చక్కగా అందుతుంది, బస్సు గోల మాత్రం ఇతరులను ఇబ్బంది పెట్టినంతగా మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు. నరపు లోపం ఉన్నవారి సంగతి దీనికి తలకిందులు. గోలలోనే వారికి మాట అందదు.

పరీక్షలో గాలి ద్వారా విన్నదానికీ ఎముక ద్వారా విన్నదానికీ మధ్య ఖాళీ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. వినికిడి యంత్రం బాగా పనిచేస్తుంది. శస్త్రచికిత్స కూడా ఉంది, బిగిసిన ఎముక స్థానంలో చిన్న పరికరం పెట్టే పద్ధతి 1956 నుంచి నడుస్తోంది. ఏది ఎంచుకోవాలన్నది తొందరపడి తేల్చే విషయం కాదు.

రాయగడ మూడో షిఫ్టు:

మాస్టారు గారి బావమరిది ఈల సంగతి నాకు స్వయంగా తెలుసు. ఇరవై రెండేళ్ళు యంత్రాల మధ్య పనిచేశాను. ఇంటికి వచ్చాక చెవులు దిమ్మెక్కి ఉండేవి, తెల్లారేసరికి సర్దుకునేవి. ఒక ఏడు సర్దుకోలేదు. మనుషుల గొంతు వినపడుతుంది గాని మాట తెలియదు. 'పిల్లి' అన్నారా, 'సిల్లీ' అన్నారా అని మనవడిని అడుగుతాను. నా ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గీత గోతిలోకి దిగి మళ్ళీ 8000 దగ్గర కొంచెం లేచింది. ఆ గొయ్యి శబ్దపు ముద్ర అని చెప్పారు.

మన కర్మాగారాల నిబంధనల్లో ఎనిమిది గంటలకు 90 డెసిబెల్ దాకా అనుమతి. కాని 85 దాటగానే చెవికి జాగ్రత్త అవసరమని, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్ పెరుగుదలకూ ఉండదగిన సమయం సగమవుతుందని వినికిడి నిపుణులు అంటారు. పక్కనున్న మనిషికి ఒక బారెడు దూరం నుంచి అరిచి చెప్పవలసి వస్తే ఆ చోటు చెవికి మంచిది కాదనుకోవచ్చు. యాత్రల్లో డీజే పెట్టెల ముందు పిల్లలను భుజాల మీద ఎత్తుకుని నిలబడేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బావమరిది గారిని రబ్బరు చెవి బిరడాలు పెట్టుకోమనండి, దూది పనికిరాదు.

డిగ్రీ కాలేజీ లెక్చరర్ (బరంపురం):

మాస్టారు గారిలాగే నాకూ గంటల తరబడి తిరుగుతుంది, కొన్నిసార్లు రోజంతా. చెవిలో హోరు లేదు, వినికిడి పరీక్ష రెండుసార్లు బాగానే వచ్చింది. ఆ రోజుల్లో వెలుతురు భరించలేను, ఫోన్ తెర కదిలితే వికారం. ఇరవయ్యో ఏట నుంచి ఒంటిపక్క తలనొప్పి ఉంది, ఇప్పుడు అది తగ్గి ఇది మొదలైంది. రెండింటికీ సంబంధం ఉంటుందా?

కోరాపుట్ డాక్టరమ్మ:

ఉండవచ్చు. మైగ్రేన్ ఉన్నవారిలో తలనొప్పి లేకుండానే ఐదు నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఇలా రావడం చాలా మామూలు విషయం, గుర్తించేవారే తక్కువ. నిద్ర తప్పడం, ఉపవాసం, నెలసరి దినాలు రాసిపెట్టుకోండి.

మాస్టారు గారి సంగతి దీనికి పక్కింటిది గాని ఇదే కాదు. ఇరవై నిమిషాల నుంచి పన్నెండు గంటలలోపు ఉండే తిరుగుడు రెండుసార్లు గాని అంతకు మించి గాని రావడం, అదే చెవిలో హెచ్చుతగ్గులయ్యే హోరు, బిగువు, వినికిడి పరీక్షలో ఆ చెవికి కింది స్థాయి (బొంగురు) శబ్దాలు వినపడడం తగ్గడం ఇవి కలిస్తే మెనియర్ జబ్బు అంటాం. లోపలి చెవిలోని ద్రవం ఉబ్బడం దీనిలో కనిపిస్తుంది. 1861 దాకా ఇలా పడిపోయేవారిని మెదడుకు రక్తం ఎక్కిన వారి కింద జమకట్టేవారు. పారిస్‌లో బధిరుల సంస్థకు వైద్యుడిగా ఉన్న ప్రోస్పెర్ మెనియర్ ఆ ఏడాది ఇది చెవి నుంచే వస్తోందని చెప్పారు. మనమింకా మెడ దగ్గరే ఆగి ఉన్నాం. మాస్టారు గారూ, హోరు ఒక్క చెవిలోనే ఉంది గనుక వినికిడి నరం మీద నెమ్మదిగా పెరిగే గడ్డ లేదని కూడా చూసుకోవాలి. అది అరుదు, క్యాన్సర్ కాదు, అయినా ఒకసారి ఎమ్మారై తీయించడం వివేకం. ఆడియోగ్రామ్ మాత్రం తిరుగుడు వచ్చిన రోజుకు వీలైనంత దగ్గరగా చేయించండి, కొద్దిరోజులు ఆగితే గీత మామూలుగా కనిపించి 'మీకేమీ లేదు' అని పంపేస్తారు.

పర్లాకిమిడి మాస్టారు: (మూడు వారాల తరువాత)

ఆలస్యానికి మన్నించండి, ఇంతలో నాకు ఐదోసారి వచ్చింది. మరునాడే బరంపురం వెళ్ళి పరీక్ష చేయించాను. గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడితే మీట నొక్కమన్నారు. కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. కుడి గీత పైన చదునుగా నడిచింది. ఎడమది 250 హెర్ట్జ్ దగ్గర 45 డెసిబెల్‌కు దిగి (గీత ఎంత దిగితే వినికిడి అంత తగ్గినట్టు), 2000 దాటాక కుడిదాన్ని కలుసుకుంది. పదిరోజులాగి మళ్ళీ చేస్తే అదే 250 దగ్గర 25కు లేచింది. రెండు కాగితాలనూ వెలుతురుకు ఎదురుగా ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను, ఇంతకాలం నేను మాటల్లో చెప్పలేకపోయినది అక్కడ గీసి ఉంది. వైద్యులు మెనియర్ అనే అన్నారు. ఉప్పు తగ్గించమన్నారు, దీనికి గట్టి రుజువు తక్కువని వారే ఒప్పుకున్నారు గాని ఖర్చు లేని పని కదా అన్నారు. ఎండుచేప, ఆవకాయ, అప్పడం లేని భోజనం మా ఇంట్లో ఎవరికీ ఊహకు కూడా అందదు. ఎమ్మారైలో గడ్డ లేదు.

అమ్మ సంగతి చూడవలసిందే. మంచం మీద కూర్చోబెట్టి, తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి తల అంచు కిందికి వేలాడదీశారు. మూడు నాలుగు సెకన్లు ఏమీ లేదు. తరువాత అమ్మ వారి చొక్కా పట్టుకుని కేక వేసింది. నేను పక్కనుంచి చూస్తున్నాను, కళ్ళ గుడ్లు మెలితిరుగుతూ పైకి ఎగిరెగిరి పడ్డాయి, అర నిమిషం దాటకుండా నెమ్మదించాయి. డిక్స్, హాల్పైక్ అనే ఇద్దరు 1952లో రాసిన పరీక్ష అట. అక్కడికక్కడే తలను ఎడమకు, ఆపైన ఒళ్ళంతా ఎడమపక్కకు తిప్పి, ఒక్కొక్క చోట కొంతసేపు ఆపి లేపి కూర్చోబెట్టారు. 1992లో ఎప్లీ ప్రచురించిన పద్ధతి. మందు లేదు. వారం తరువాత మళ్ళీ ఒకసారి చేశారు. ఎనిమిది నెలలుగా గోడవైపు తిరగకుండా పడుకున్న అమ్మ ఇప్పుడు కుడివైపు తిరిగి పడుకుంటోంది.

అయితే కథ అంతటితో తీరలేదు. పొద్దున లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం అలాగే ఉంది. పడుకున్నప్పుడు పైబీపీ 138, లేచిన రెండు నిమిషాలకు 112. 20 గాని అంతకు మించి గాని పడితే లెక్కలోకి తీసుకోవాలట. రాత్రి వేసే బీపీ మాత్ర మార్చారు, రక్తహీనతకు పరీక్ష రాశారు. అమ్మకు రెండు జబ్బులు ఒకే మాట వెనక దాక్కున్నాయన్నమాట. సినరిజిన్ ఆపేశారు. వణుకు తగ్గడానికి నెలలు పట్టవచ్చన్నారు.

జయపురం మందుల కొట్టు:

మంచి మాట విన్నాం. పాత చీటీలను పారేయకండి, వాటి మీద 'ఆపివేయబడినది' అని తేదీతో రాసి పెట్టండి. లేకపోతే వచ్చే ఏడాది మరో డాక్టరు దగ్గర అవే మళ్ళీ మొదలవుతాయి.

రాయగడ మూడో షిఫ్టు:

మరి బావమరిది?

పర్లాకిమిడి మాస్టారు:

అతని కాగితంలో రెండు చెవులకూ 4000 దగ్గర గొయ్యి, మీరు చెప్పినట్టే. పోయినది రాదని, ఉన్నదాన్ని కాపాడుకోమని చెప్పారు. హోరు రాత్రే ఎక్కువగా వినపడడానికి కారణం అప్పుడు వేరే శబ్దం లేకపోవడమే గనుక ఫ్యాను గాని, తక్కువ శబ్దంలో రేడియో గాని పెట్టుకుని పడుకోమన్నారు. బిరడాలు కొనిచ్చాను. నాలుగు రోజులు పెట్టుకున్నాడు. ఐదోరోజు యజమాని పిలిచింది వినపడలేదని మందలించారట, తీసి జేబులో వేసుకున్నాడు. మిల్లులో అందరూ పెట్టుకుంటే గాని ఇది నడవదు. ఒక్కడే పెట్టుకుంటే చెవిటివాడని పేరు వస్తోంది. దీనికి మీ కర్మాగారంలో ఏం చేశారో రాయగలరా?

రాయగడ మూడో షిఫ్టు:

చేతి సైగలు పెట్టుకున్నాం. యంత్రం ఆపడానికి ఒకటి, మనిషిని పిలవడానికి ఒకటి, ప్రమాదానికి ఒకటి. మేస్త్రీ ముందు నేర్చుకున్నాక మిగతావారు నేర్చుకున్నారు. యజమాని పిలవాలంటే భుజం మీద తట్టాలి, లేదా దీపం రెండుసార్లు ఆర్పి వెలిగించాలి. ఆదివారం మీ ఊరి వైపు పని ఉంది, బావమరిది గారిని ఇంట్లో ఉండమనండి, చూపిస్తాను.